దారికి అడ్డంగా కొమ్మ

డోలీ దించిన తరవాత కూడా ఆ నలుగురిలో ఒక్కడూ కూర్చోలేదు. వరండా గచ్చు మీద నీళ్లు కారుతూ, భుజాలు తడుముకుంటూ నిలబడ్డారు. పొద్దుటి నుంచీ వాన. డోలీలో రెండు దుప్పట్ల కింద చిట్టి ఉంది. తొలి కాన్పు. నొప్పులు మొదలై ఒక రాత్రి గడిచిపోయింది.

"డాకటరు బాబేడీ?" అన్నాడు చిట్టి తండ్రి భీముడు.

మందుల గది కిటికీ వెనకాల కంపౌండరు అప్పలస్వామి పొట్లాలు కడుతున్న చెయ్యి ఆపాడు. ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ అతని నోరు అరిగిపోయింది. డాక్టర్ రాజేష్‌కి పైవాళ్లు రెండు ఆసుపత్రులు అంటగట్టారు. కుంబిగుడలో ఇదొకటి, ఘాటీకి అవతల ఇంకోటి. ఏ రోజు ఎక్కడుంటాడో ఆయనకే ముందుగా తెలీదు. పొద్దున తొమ్మిదిన్నర బస్సు దిగితే ఉన్నట్టు, దిగకపోతే లేనట్టు.

"ఇయ్యాల రాలేదు భీముడూ. అటేపు ఆసుపత్రిలో ఉండుంటారు."

"మరి జీపు?"

"టైరు పేలి నెలయ్యింది."

"పోను?"

అప్పలస్వామి రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ దించేశాడు. వాన పడితే అది పలకదని అతనికి తెలుసు. తెలిసీ ఎత్తాడు. ఏదో ఒకటి చెయ్యకుండా ఆ నలుగురి మొహాలు చూడటం అతని వల్ల కావడం లేదు.

నర్సు కమల వచ్చి చిట్టి కడుపు మీద చెయ్యి వేసింది. చాలాసేపు తీయలేదు. "బిడ్డ అడ్డం తిరిగింది. నేను ముట్టుకుంటే పని చెడిపోద్ది. అరకు తీసుకెళ్లిపోండి, బేగి," అంది.

బేగి అనడం సులువే. వచ్చిన బస్సు పదింటికే తిరిగి వెళ్లిపోయింది. మళ్లీ సాయంత్రం ఐదింటికి గాని రాదు. జీపులు సంత రోజున తప్ప కుంబిగుడ మొహం చూడవు. ఇక మిగిలింది ఒక్కటే. దిగివచ్చిన కొండ మళ్లీ గంట సేపు ఎక్కి, దారి రెండుగా చీలే రెండుదార్ల దగ్గర కుడి దారి పట్టి, అవతల తారురోడ్డు మీదికి దిగాలి. అక్కడైతే డుంబ్రిగుడ వైపు నుంచి వచ్చే జీపులు దొరుకుతాయి.

భీముడు వరండా చివరికి వెళ్లి కొండకేసి ఒకసారి చూసి వచ్చాడు.

"ఆ దారి సీలిన కాడ ఎవులైనా ఓ మాట సెప్పుంటే అట్నుంచి అటే ఎల్లిపోదుం గద బాబూ. ఈపాటికి అరకులో ఉందుము."

అరిచి ఉంటే అప్పలస్వామికి బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. భీముడు ఆ ఒక్క మాటే అని కర్ర కింద భుజం పెట్టాడు. డోలీ లేచింది. దుప్పటి కిందనుంచి చిట్టి చెయ్యి బయటికి వచ్చి తాడు పట్టుకుంది.

గురువారం సంతలో ఉప్పూ, ఎండుచేపలూ కొనుక్కుని భీముడు కిటికీ దగ్గరికి వచ్చాడు. మందు అడగలేదు.

"మా గుంట సిట్టి బతికింది. పసిగుంటడు దక్కనేదు. రోడ్డెక్కక ముందే అయిపోనాది. నువ్వు అడుగుతావని సెప్పడానికొచ్చినాను."

ఆ పూటంతా అప్పలస్వామికి అందరి మీదా కోపం వచ్చింది. డాక్టరు మీద, జీపు మీద, మాత్రలు తక్కువిచ్చావన్న ముసలమ్మ మీద. చివరికి తన మీద. డాక్టరు రాడని తొమ్మిదీ నలభైకే తనకు తెలుసు. ఆ డోలీ రెండుదార్ల దగ్గరికి చేరేసరికి పదకొండు. తెలిసిన మాట గంటకి పైగా తన దగ్గరే కూర్చుంది. ఇది దేవుడు చేసింది కాదు, కొండ చేసిందీ కాదు. మాట ఒక్కటి మూడు మైళ్లు నడవలేకపోయింది, అంతే.

ఆ మరుసటి వారం పై ఆఫీసు వ్యానులో ఒక రేకు బోర్డు వచ్చింది. ఆరడుగుల పొడవు. పైన తెల్లటి అక్షరాలతో 'ప్రజలకు నేటి సేవల సమాచారం' అని ఉంది. అది చదవగానే అప్పలస్వామికి ప్రాణం లేచి వచ్చింది. పైన ఎవరో ఒకరికి బుద్ధి పుట్టింది అనుకుని, చుట్టిన గోనెసంచీ మొత్తం విప్పాడు.

కింద గళ్లు ఉన్నాయి. వైద్యాధికారి, ఉన్నారు. జీపు, ఉన్నది. టెలిఫోను, ఉన్నది. పాముకాటు మందు, ఉన్నది. 'ఉన్నది'లన్నీ ఆకుపచ్చ ఆయిల్ పెయింటుతో, ఎప్పటికీ చెరగకుండా రాసి ఉన్నాయి.

"ఇదేటి బాబూ, ఏ రోజుకారోజు రాయాల గదా?" అని అడిగాడు డ్రైవరుని.

"నాకేటి తెలుసు స్వామీ? అన్ని ఆసుపత్రులకీ ఒకటే బోర్డు. విశాఖలో ఒకే పెయింటరు రాసీసేడు. సంతకం పెట్టి తీసుకో, ఇంకా ఏడు దింపాల."

అటెండరు ముత్యాలమ్మ చీపురు చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చింది. ఆమెకి చదువు రాదు. ఊరు రెండుదార్లకి పైనే. రోజూ ఆ కొండ దిగివచ్చి, పొద్దు వాలాక ఎక్కి వెళ్తుంది.

"ఏటి రాసుంది బాబూ?"

చదివి చెప్పాడు. ముత్యాలమ్మ షెడ్డులో రాళ్ల మీద నిలబెట్టిన జీపు వైపు చూసింది. తరవాత బోర్డు వైపు చూసింది.

"అయితే ఇది మన ఆసుపత్రిది కాదు. మర్సిపోయి దింపేసేరు," అంది నమ్మకంగా.

అప్పలస్వామి ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా కిరసనాయిలు గుడ్డ పట్టుకుని కూర్చున్నాడు. పెయింటు ఊడటానికి మూడు గంటలు పట్టింది. చేతులు మంటెత్తాయి. గళ్లు నల్లరంగు పూసి ఆరబెట్టి, సుద్దముక్కతో రాశాడు. వైద్యాధికారి, లేరు. జీపు, లేదు. టెలిఫోను, లేదు. పాముకాటు మందు, రెండు సీసాలు. రాశాక దూరంగా వెళ్లి చూసుకున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆసుపత్రి గోడ మీద నిజం చదవడం అదే మొదలు.

సంత రోజున భీముడు ఆ బోర్డు ముందు నిలబడ్డాడు. అప్పలస్వామి కిటికీలోంచి ఉత్సాహంగా అంతా చదివి వినిపించాడు.

"బాగుంది బాబూ," అన్నాడు భీముడు. "మరి ఇది ఇక్కడెందుకు? ఇక్కడికొచ్చేసినాక ఆ డాకటరు గది తాళం మాకు కనపడదేటి?"

కమల లోపల్నుంచి నవ్వింది. అప్పలస్వామికి చెంప మీద కొట్టినట్టయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. మూడు గంటలు చేతులు కాల్చుకుని మరీ పట్టుకున్నాడు.

ఆదివారం నాడు బోర్డుని కర్రకి కట్టి, భీముడు ఒక పక్కా తనొక పక్కా మోసుకుని రెండుదార్లకి ఎక్కారు. దారిలో నాలుగుసార్లు దించాడు అప్పలస్వామి. దించినప్పుడల్లా భీముడూ ఆగాడు. ఖాళీ రేకు బోర్డు మోస్తేనే ఇలా ఉంటే, మనిషిని పెట్టుకుని ఎలా ఎక్కారో అడగాలనిపించింది. అడగలేదు. దారి చీలిన చోట రెండు గుంజలు పాతి నిలబెట్టారు. చదువుకున్నవాళ్లు ఆ దారిన వారానికి ఒకరో ఇద్దరో నడుస్తారు కనక, మెడలో గొట్టం వేసుకున్న డాక్టరు బొమ్మ ఒకటి గీశాడు. ఆయన లేని రోజున బొమ్మ తుడిచేసి, ఉన్న రోజున మళ్లీ గీస్తే సరి. ఆ పని ముత్యాలమ్మకి అప్పగించాడు.

బొమ్మ బాగానే కుదిరిందనుకున్నాడు. కొండ మీద మాత్రం దాన్ని 'మెడలో పామున్నోడు' అన్నారు. అన్నా ఫరవాలేదు, పామున్నోడు ఉంటే డాక్టరు ఉన్నట్టే కదా అని సరిపెట్టుకున్నాడు.

నాలుగో రోజు పన్నెండింటికి, సోములనే ముసలివాణ్ణి పెళ్లాం రత్నాలు చెయ్యి పట్టుకుని దింపుకుని వచ్చింది. జ్వరం. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. డాక్టరు లేడు.

"అక్కడ పామున్నోడు ఉన్నాడు గద బాబూ! సూసే దిగినాం!"

నిన్న డాక్టరు వచ్చాడు. నిన్న సాయంత్రం ముత్యాలమ్మ ఇంటికి వెళ్తూ ఉన్నాడని బొమ్మ గీసింది. ఇవాళ రాలేదు. ఇవాళ్టి మాట ఇంకా కిందే ఉంది, పైన నిన్నటి మాట నిలబడి ఉంది. ఏ బోర్డూ లేకపోతే వీళ్లు అనుమానంతోనైనా కుడి దారి పట్టేవారేమో. తన బోర్డు చేత్తో చూపించి మరీ కిందికి దింపింది.

సోములుకి మాత్రలు వేసి, బల్ల మీద పడుకోబెట్టి, అప్పలస్వామి ముత్యాలమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"నీకు తెలీదేటి? పొద్దున్న దిగినప్పుడు తుడిచెయ్యొచ్చు కదా!"

"నాను దిగినప్పుడు ఆయనొత్తాడో రాడో నాకెలాగ తెలుస్తాది? ఆ దేవుడికే తెలవదు," అంది ముత్యాలమ్మ. చీపురు గోడకి ఆనించి కూర్చుంది. "నాను ముందే సెప్పుదుననుకున్నాను. నువ్వు అంత కట్టపడతన్నావు గదాని ఊరుకున్నాను. మాకు బోర్డెందుకు బాబూ? మా తాతల నాటినుంచీ ఉన్నదే ఉంది."

"ఏటున్నాది?"

"దారి బాగునేదనుకో. గెడ్డ పొంగిందో, ఎలుగ్గొడ్డు తిరుగుతందో. ముందెల్లినోడు ఎనక్కొచ్చి, ఇంత పచ్చికొమ్మ ఇరిసి దారికడ్డంగా ఏత్తాడు. మొదలు మీద రాయెడతాడు. రాయుంటే మనిషేసింది, నేపోతే గాలికి పడింది. ఎనకాలొచ్చినోడు ఆకు సూత్తాడు. పచ్చగుంటే ఇయ్యాల్టి మాట. వడిలితే నిన్నటి మాట. ఎండిపోతే దాటుకుని ఎల్లిపోడమే." కొంచెం ఆగి, జాలిగా అంది. "నీ బోర్డు వడలదు గద బాబూ. అది ఎప్పటి మాటో ఎవులికి తెలుస్తాది?"

అప్పలస్వామి ఆమె పక్కనే గచ్చు మీద కూర్చున్నాడు. లోపల బల్ల మీద సోములు మూలుగుతున్నాడు. పదో తరగతీ, ఫార్మసీ డిప్లొమా, ఇరవై రెండేళ్ల సర్వీసూ కలిపి తనకి తట్టని సంగతి.

"పైకి ఎవరెళ్తారు? రోజూ పదింటికి?"

"కట్టెలోళ్లున్నారు గదా."

నిజమే. పొద్దున్నే ఏడెనిమిది మంది ఆడవాళ్లు కట్టెల మోపులతో దిగి, కుంబిగుడ హోటళ్లకి వేసి, పదింటికల్లా ఖాళీ చేతులతో ఆసుపత్రి ముందునుంచే కొండ ఎక్కుతారు. ఇన్నేళ్లుగా తన కిటికీ ముందునుంచే వెళ్తున్నారు.

మర్నాటినుంచి పద్ధతి అదే అయింది. బస్సు వచ్చి వెళ్లాక కట్టెలవాళ్లు కిటికీ దగ్గర ఆగుతారు. వాళ్లలో పెద్దావిడ సోములమ్మ ఒక్కతే మాట్లాడుతుంది. "ఉన్నాడా?" అంటుంది. అతను తల ఆడిస్తాడు. లేకపోతే రెండుదార్ల దగ్గర ఆసుపత్రికి దిగే ఎడమ దారికి కొమ్మ పడుతుంది. ఉంటే పాత కొమ్మ లాగి పక్కన పారేస్తారు. కాగితం లేదు, సుద్దముక్క లేదు, పైసా ఖర్చు లేదు.

మూడు వారాలు నిక్షేపంలా నడిచింది. తేనెకి ఎక్కి చెట్టు మీంచి పడ్డవాడి డోలీ ఒకటి పచ్చికొమ్మ చూసి ఆగకుండా కుడికి తిరిగి, తారురోడ్డు ఎక్కి, మధ్యాహ్నానికల్లా అరకు చేరింది. మనిషి బతికాడు. డాక్టర్ రాజేష్ ఉన్న రోజుల్లో మాత్రం వరండా సరిపోయేది కాదు. "ఏంటి స్వామిగారూ, నేనొచ్చే రోజు వీళ్లకెలా తెలుస్తోంది?" అని ఆయన ఆశ్చర్యపడితే, "వాసన పట్టేస్తారు సార్," అన్నాడు అప్పలస్వామి. చాలా రోజుల తరవాత రాత్రి కడుపునిండా తిని పడుకున్నాడు.

ఒక శుక్రవారం పై ఆఫీసు నుంచి ఆఫీసరు వచ్చాడు. జీపు దిగుతూనే గోడ చూశాడు.

"బోర్డేదయ్యా?"

అప్పలస్వామి చెప్పేలోగా డ్రైవరు చెప్పేశాడు. మొన్నొకసారి పక్క ఊరి నుంచి కాలిదారిన వస్తూ కొండ మీద చూశాడట. ఆఫీసరు మనుషుల్ని పంపి ఆ బోర్డు కిందికి మోయించాడు. వరండాలో నిలబెట్టారు. వైద్యాధికారి, లేరు. కింద సగం చెరిగిన పామున్నోడు.

ఆఫీసరు మొహం కందగడ్డ అయింది. "డాక్టరు లేరని రాయడానికి నీకు ఆర్డరుందా?"

"ఆర్డరు లేదు సార్. డాక్టరు కూడా లేరు."

అనకుండా ఉండవలసింది. అనేశాక అప్పలస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ. ఆఫీసరు అరగంట తిట్టాడు. ప్రభుత్వ ఆస్తి పాడుచేశావన్నాడు, ప్రజల్లో భయం పుట్టిస్తున్నావన్నాడు, పేపరువాళ్లు ఫోటో తీస్తే ఎవరు జవాబు చెప్తారన్నాడు. మెమో రాసి చేతిలో పెట్టాడు. వారం తిరక్కుండా పెయింటరు వచ్చి గళ్లన్నీ మళ్లీ ఆకుపచ్చ చేసి, ఈసారి గోడకి మేకులు కొట్టి మరీ పోయాడు.

పైన కొమ్మ మాత్రం ఆగలేదు. ఆకుకి మెమో ఎవడిస్తాడు?

నెలాఖరున సాయంత్రం బస్సు కోసం ఎదురుచూస్తూ డాక్టర్ రాజేష్ మందుల గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కుర్రవాడు. కళ్ల కింద నల్లగా ఉంది.

"స్వామిగారూ, నన్ను పూర్తిగా ఘాటీ అవతలికే వేసేస్తున్నారట. ఇక్కడికి డాక్టరు అక్కర్లేదంటున్నారు."

అప్పలస్వామికి మొదట అర్థం కాలేదు. "అక్కర్లేదా?"

"ఓపీ పడిపోయిందిట. నెలకి వెయ్యి ఉండేది, నాలుగు వందల చిల్లరకి వచ్చింది. సగం రోజులు సున్నాలే. రోగులే లేని చోట డాక్టరెందుకు, కంపౌండరూ నర్సూ చాలన్నారు. సోమవారం ఆఫీసరు రిజిస్టరు చూసి రిపోర్టు రాసేస్తారు. నేను ఆ రోజు అటే ఉండాలి."

బస్సు హారను వినబడింది. ఆయన వెళ్లిపోయాడు. అప్పలస్వామి రిజిస్టరు తెరిచాడు. ఇదివరకు డాక్టరు లేని రోజున కూడా ఊరికే దిగివచ్చిన పాపానికి అందరికీ తలో నాలుగు మాత్రలిచ్చి పేరు రాసేవాడు. రోజుకి నలభై. ఇప్పుడు ఆ రోజుల్లో ఎవరూ దిగడం లేదు. తెలివైనవాళ్లు కదా, కొమ్మ చూసి తిరిగిపోతున్నారు. జనం కాళ్లరిగేలా వట్టినే తిరిగినన్నాళ్లు లెక్క బాగుంది. వాళ్లకి నిజం తెలిశాక లెక్క చెడింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఊడగొట్టింది తనే.

ఆదివారం ముత్యాలమ్మని తోడు తీసుకుని భీముడి ఊరు ఎక్కాడు. వలిసె చేల మధ్య నుంచి వెళ్తుంటే ఎవరో నవ్వుతూ పలకరించారు, జవాబు చెప్పాలనిపించలేదు. భీముడు ఇంటి ముందు కూర్చుని బాడిసతో నాగలికి కొత్త మేడి చెక్కుతున్నాడు. పెళ్లాం అంబలి తెచ్చి ఇచ్చింది. చిట్టి గడపలో కూర్చుని అడ్డాకులు కుడుతోంది. అతన్ని చూసి తల వంచుకుంది గాని లేచి వెళ్లలేదు.

ఎలా మొదలుపెట్టాలో తెలీక అప్పలస్వామి మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాడు. చివరికి అసలు మాటకి వచ్చాడు.

"రేపు సోమవారం ఒక్క రోజు కొమ్మ వెయ్యకండి. జనం ఎప్పటిలాగ దిగుతారు, నేను పేర్లు రాసుకుంటాను. ఆఫీసరు చూసి వెళ్లిపోతాడు."

బాడిస ఆగింది.

"రేపు డాకటరుంటాడా?"

"ఉండడు."

"మరి రేపు ఏ డోలీ అన్నా వత్తే?"

అంబలి గిన్నె అప్పలస్వామి చేతిలో ఉంది. తాగలేకపోయాడు, కింద పెట్టలేకపోయాడు. గడపలో ఆకు కుడుతున్న పుల్ల చప్పుడు కూడా ఆగిపోయింది. తను ఏం అడిగాడో, ఎవరి ఇంటి ముందు కూర్చుని అడిగాడో అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"కొమ్మ అబద్దం సెప్పకూడదు బాబూ," అన్నాడు భీముడు. గొంతులో కోపం లేదు. "ఒక్క దినం అబద్దం సెప్తే రేపట్నుంచి దాన్ని ఎవులూ సూడరు. దాటుకుని ఎల్లిపోతారు."

"అవును. నేను అడగకుండా ఉండాల్సింది."

"ఆ పుస్తకంలో నువ్వు ఏటేటి రాత్తావు?"

"పేరు, ఊరు. జబ్బేటి, మందేటి. అంతే."

భీముడు ఊఁ కొట్టి మళ్లీ బాడిస ఎత్తాడు. అప్పలస్వామి గిన్నె కింద పెట్టి కొండ దిగాడు. రెండుదార్ల దగ్గర నిన్నటి కొమ్మ వడిలి ఉంది. ఒక పక్కగా తప్పుకుని నడిచాడు.

సోమవారం బస్సులో డాక్టరు దిగలేదు. కిటికీ దగ్గరికి సోములమ్మ వచ్చింది. "ఉన్నాడా?" అంది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, అతని తల నిలువుగా ఊగబోయింది. అడ్డంగానే ఊపాడు. ఆమె కట్టెలవాళ్లని కేకేసుకుని కొండ దారి పట్టింది. పోయింది, ఇంక అయిపోయింది అనుకుని రిజిస్టరులో తేదీ వేసి కూర్చున్నాడు.

పదిన్నరకి ఆఫీసరు జీపు వచ్చింది. డాక్టరు కుర్చీలో కూర్చుని, వెనకటి పేజీలు తిప్పి, సున్నాలున్న తేదీల పక్కన పెన్సిలుతో టిక్కులు పెట్టుకున్నాడు.

"ఇవాళ కూడా బోణీ లేదన్నమాట."

"లేదు సార్."

"నీ తప్పేం లేదులే. జనానికి అవసరం లేదు. వాళ్ల నాటుమందులు వాళ్లకున్నాయి," అన్నాడు ఆఫీసరు, ఈసారి ప్రేమగానే. ఆ ప్రేమకి అప్పలస్వామికి పాత తిట్లే నయమనిపించింది. పన్నెండున్నర దాకా ఆయన స్టోరు చూశాడు, టీ తాగాడు, రిపోర్టు సగం రాశాడు.

ముందు కుక్కలు మొరిగాయి. తరవాత వరండా మెట్ల మీద కాళ్లు దులుపుకున్న చప్పుడు. అప్పలస్వామి తల ఎత్తేసరికి కిటికీ ఊచల అవతల భీముడు ఉన్నాడు. వెనకాల డోలీ లేదు. అతని వెనక ఇంకో మనిషి, ఆ వెనక ఇంకొకరు. వరస వరండా దిగి, రాళ్ల మీదున్న జీపు చుట్టూ తిరిగి, గేటు దాకా ఉంది.

"కొమ్మ వెయ్యలేదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏసే ఉంది. పచ్చికొమ్మ. అందరం దాటుకుని వచ్చినాం. సీటీ రాయి."

అప్పలస్వామి పెన్ను తీశాడు. పేరు రాశాడు, ఊరు రాశాడు. అలవాటుగా అడిగాడు. "జబ్బేటి?"

"డాకటరు నేడు."

పెన్ను ఆగింది. భీముడు ఊచల్లోంచి వేలు పెట్టి గడి చూపించాడు. "జబ్బు రాత్తానన్నావు గదా. మా ఊరికి అదే జబ్బు. రాయి."

రాశాడు. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. తరవాతి మనిషి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. జబ్బు, డాక్టరు లేరు. ఆ తరవాత ఒక తల్లి చంకలో పిల్లతో. జబ్బు, డాక్టరు లేరు. రెండూళ్లవాళ్లు వచ్చారు. మూడో ఊరి పేరు అతను ఎప్పుడూ రాయనిది, అడిగి రాసుకున్నాడు. ఒక్కరికీ దగ్గు లేదు, జ్వరం లేదు. రెండు మూడు గంటలు కొండలు నడిచి వచ్చి, ఒక్క ముక్క చెప్పి, చీటీ మడిచి మొలలో దోపుకుని పక్కకి నిలబడుతున్నారు. పాతిక దాటేసరికి అతని అక్షరాలు తిన్నగా పడటం మొదలుపెట్టాయి. కమల వచ్చి చీటీలు చింపి అందించింది.

ఆఫీసరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఏమిటీ జనం? ఏదైనా రోగం తగిలిందా?"

"అవును సార్."

"రిజిస్టరు ఇలా తే."

అప్పలస్వామి లేచి పుస్తకం తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టాడు. ఆఫీసరు కూర్చుని చదివాడు. వేలు ఒక వరస దిగింది, రెండు వరసలు దిగింది, తరవాత గబగబా పేజీ చివరికి పోయింది. పేజీ తిప్పాడు. అక్కడా అదే.

"వేళాకోళంగా ఉందా? జబ్బు గడిలో రోగి చెప్పింది రాయాలి."

"చెప్పిందే రాసేను సార్. నలభై మూడు మంది. అడిగి చూడండి."

ఆఫీసరు వరండాకేసి చూశాడు. ఎవరూ అరవడం లేదు. ఎవరూ చేతులు జోడించడం లేదు. వరసలో ఉన్నవాళ్లు తమ వంతు కోసం చూస్తున్నారు, అంతే. ఆయన మళ్లీ రిజిస్టరు వైపు తిరిగాడు. కోపానికి ఏదో ఒక ఆధారం కావాలన్నట్టు వేలు చివరి గడిలోకి జరిపాడు.

"మరి ఈ చికిత్స గడంతా ఖాళీగా వదిలేశావేం? ఇంతమందికి ఏ మందిచ్చావు?"

"ఆ మందు నా గదిలో లేదు సార్." అప్పలస్వామి పెన్ను మూత తీసి రిజిస్టరు పక్కన పెట్టాడు. ఈసారి వెనక్కి అడుగు వెయ్యలేదు. "ఆ గడి మీరే రాయాల."

కిటికీ దగ్గర సోములమ్మ వంతు వచ్చింది. పొద్దున కట్టెలు మోసి, కొండ ఎక్కి, కొమ్మ వేసి, మళ్లీ దిగింది. ఊచల మీద తట్టి, "ఏటి సేత్తన్నావు బాబూ, నా పేరు రాయవా?" అంది.

"పుస్తకం ఆ బాబు దగ్గరుంది. అక్కడ చెప్పమ్మా," అన్నాడు అప్పలస్వామి.

సోములమ్మ కిటికీ వదిలి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, గుమ్మం దాటి లోపలికి వచ్చి ఆఫీసరు బల్ల ముందు నిలబడింది. ముందు ఊరి పేరు చెప్పింది. వెనకాల వరస మొత్తం అటు తిరిగింది.